కింది గుండీ

హ్యాంగరు ఉంది. దానిమీద సూటు లేదు.

సెవెరిన్ మిలాందూ బీరువా తలుపు మూశాడు. కాసేపాగి మళ్ళీ తెరిచాడు. ఈసారీ లేదు.

"ఫిలో," అని పిలిచాడు.

గొంతు మెత్తగా ఉంది. ఆయన గొంతు మెత్తబడిందంటే గొడవ మొదలైనట్టేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

వంటింట్లోంచి ఫిలొమెన్ వచ్చింది. చేతుల నిండా కర్రపెండలం ఆకు పసరు. ఒంటిమీద కొత్త బట్ట, పసుపు మీద ఎర్ర చిలకలు. ఇవాళ ఆ ఇంట్లో పిన్నమ్మలూ మేనత్తలూ వాళ్ళ మొగుళ్ళూ అందరూ చిలకలే. కూతురు ఆర్లెత్‌కి తొలికల్లు. మగపెళ్ళివారు కల్లుకూజా మోసుకొచ్చి పిల్లనడిగే రోజు. పిల్ల తరఫువాళ్ళంతా ఒకే తానులోంచి కుట్టించుకోకపోతే, ఆ ఇంట్లో ఒకరికొకరికి పడదని బకోంగో పేటంతా చెప్పుకుంటుంది.

"నా పావురం రంగు సూటేది?"

"ఇవాళ దాంతో నీకేం పని?"

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు పని?"

"మొన్న ఈ మంచం మీదే కూర్చుని చిలకల చొక్కా వేసుకుంటానని మాటిచ్చావు. మా అన్నయ్య ఎదురుగా ఇచ్చావు."

"మీ అన్నయ్య ఎదురుగా ఉన్నాడు గనకే ఇచ్చాను. ఆయన వెళ్ళాడు, మాటా వెళ్ళింది."

ఫిలొమెన్ చేతులు కొంగుకి తుడుచుకోబోయి, కొత్త బట్ట అని గుర్తొచ్చి, మొగుడి తువ్వాలుకి తుడుచుకుంది.

"అయితే ఇంకోటి తొడుక్కో. ఆ బీరువాలో నా గుడ్డ ఒక్కటి పెట్టుకోడానికి చోటు లేదు. నల్లదుంది కదా."

"నల్లది శవయాత్రకి."

"నీలంది?"

"కోర్టుకి, మేయరు ఆఫీసుకి. అది తొడుక్కుని కూర్చుంటే పిల్లనివ్వడానికి కాదు, వాళ్ళ సామాను జప్తు చెయ్యడానికి కూర్చున్నాననుకుంటారు."

"మీగడ రంగుది?"

"ఆదివారం సాయంత్రం షికారుకి. అదీ వానలు వెళ్ళాక."

"గళ్ళది?"

"జబ్బుపడ్డవాళ్ళని చూడ్డానికి. నల్లది వేసుకెళ్తే రోగి హడలిపోతాడు. తెల్లది వేసుకెళ్తే డాక్టరనుకుని బాధలన్నీ ఏకరువు పెడతాడు. గళ్ళదైతే గళ్ళు లెక్కపెట్టుకుంటూ కాసేపు నొప్పి మర్చిపోతాడు. ఇదంతా నీకెన్నిసార్లు చెప్పాలి?"

"నేనెప్పుడడిగాను చెప్పమని?"

వారమంతా సెవెరిన్ కరెంటు మీటర్లు బాగుచేస్తాడు. ఆదివారం సాయంత్రం మత్సువా వీధిలో నడుస్తుంటే టాక్సీవాళ్ళు బండి ఆపి మరీ చూస్తారు. ఆయన సాపర్. సాపర్లంటే కడుపు మాడ్చుకునైనా సరే కోటు మడత నలగనివ్వని మగవాళ్ళు. ఒంటిమీద మూడు రంగులు మించకూడదు. కోటు కింది గుండీ పెట్టకూడదు. సందర్భానికి తగని సూటు తొడగకూడదు. తొడిగినవాణ్ణి ఆ పేటలో మనిషిగా లెక్కవెయ్యరు.

పావురం రంగు సూటు శుభకార్యాలది. ఆయన దగ్గరున్న వాటిలో అదొక్కటే పారిస్‌లో కుట్టింది.

"ఇది నెస్తోర్ పనే," అన్నాడు సెవెరిన్.

"గట్టిగా అనకు. గోడవతలే ఉన్నాడు."

"గట్టిగానే అంటాను."

గోడవతల పెరట్లో నెస్తోర్ పీట మీద కూర్చుని మొసలితోలు బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. బకోంగోలో సెవెరిన్ అంతటి సాపర్ ఎవడైనా ఉన్నాడంటే అది నెస్తోరే. ఒకరి సోకు ఒకరికి గిట్టదు. ఒకరు చూడందే ఇంకొకరికి సోకు చేసుకున్నట్టే ఉండదు.

"నెస్తోర్, నా సూటు ఇచ్చెయ్. మర్యాదగా అడుగుతున్నా."

"ఏ సూటు?"

"పావురం రంగుది."

నెస్తోర్ బూటు కింద పెట్టాడు. "నీ సూటు నాకెందుకన్నా? అందులో నేనూ మా ఆవిడా దూరినా ఇంకా చోటు మిగుల్తుంది."

"తొడుక్కోడానికి కాదు. నన్ను చిలకల్లో కూర్చోబెట్టడానికి."

"ఛ, ఆ ఆలోచన నాకే రాకపోయిందే." నెస్తోర్ నిజంగానే బాధపడ్డాడు. "చూడు, ఆ సూటు ఎవడి ఒంటిమీద ఉన్నా వీధి చివరినుంచి పోల్చుకుంటా నేను. అలాంటిది దాచేస్తే నాకు కళ్ళపండగేం మిగుల్తుంది? సరేలే, దొంగనన్నావుగా. తొలికల్లుకి పిలిచావుగా. వస్తా. ముందు వరసలో కూర్చుంటా. నిన్ను ఆ చొక్కాలో చూసి గానీ లేవను."

సెవెరిన్ ఇంట్లోకి వచ్చేసరికి ఫిలొమెన్ ఇస్త్రీ చేసిన చిలకల చొక్కా పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన ఆ చొక్కా వంకా, బీరువా వంకా చూశాడు. తొలికల్లుకి నీలం సూటు తొడగడమంటే తప్పని తెలిసి చేసిన తప్పు. చిలకల చొక్కా అసహ్యంగా ఉంది. కానీ ఈ రోజుకి అది తప్పు కాదు.

చేతులు పైకెత్తాడు. ఆవిడ తొడిగింది.

"మొహం అలా పెట్టకు. సంబంధం నచ్చలేదనుకుంటారు. మా అన్నయ్యకి చిన్న అనుమానం వచ్చినా చాలు. పోయినేడు ఏమైందో గుర్తుందిగా?"

గుర్తు లేనివాళ్ళెవరు? మేనకోడలి పెళ్ళిలో మేనమామ మాటే ఆఖరు. పోయినేడు వచ్చిన కుర్రాడు ఎవరిదో మోటారుసైకిలు మీద వచ్చి తనదేనన్నాడు. అబద్ధమని తేలగానే మేనమామ గాస్తోన్ లేచాడు. కల్లుకూజా ఎత్తి నేలమీద వంచేశాడు. ఒకసారి కల్లు నేలపాలైతే ఆ కుర్రాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కడానికి లేదు. ఆర్లెత్ నెలరోజులు బయటికి రాలేదు. ఆ కుర్రాడంటే ఇష్టమై కాదు, సిగ్గుతో.

ఇప్పుడొచ్చే బ్రిస్ అంటే ఆమెకి ఇష్టమే.

పెరట్లో టార్పాలిన్ కట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నెస్తోర్ ముందు వరసలో కాలిమీద కాలు వేసుకుని సెవెరిన్ చొక్కాని తనివితీరా చూస్తున్నాడు.

"ఎడమ జేబు మీద చిలక్కి ఒక కన్నే ఉందన్నా," అన్నాడు.

"నోర్ముయ్."

టాక్సీ ఆగింది. ముందు బ్రిస్ దిగాడు, చేతుల్లో కల్లుకూజా. తర్వాత అతని మేనత్త ఉర్సుల్. చివరగా ఒక చెయ్యి తలుపు పట్టుకుంది, ఒక కాలు నేలమీద పడింది, భారీ మనిషి ఒకాయన పక్కకి తిరిగి బయటికొచ్చాడు. బ్రిస్ తండ్రి అన్సెల్మ్ లూబాకి. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన మనిషి.

ఆయన ఒంటిమీద పావురం రంగు సూటు ఉంది.

సెవెరిన్‌కి ముందు సూటే కనిపించింది. మనిషి తర్వాత కనిపించాడు. ఆ భుజాలు, ఆ మెడపట్టీ, కుడిచేతి మడత. తన బీరువాలోంచి నడిచి వెళ్ళిపోయిన సూటు టాక్సీ ఎక్కి తిరిగొచ్చింది.

దొంగ దొరికాడన్న కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. అన్సెల్మ్ గుండీలన్నీ పెట్టుకున్నాడు. కింది గుండీ కూడా. పొట్ట దగ్గర బట్ట అడ్డంగా ముడతలు పడి ఏడుస్తోంది. చొక్కా పసుప్పచ్చ. నెక్‌టై ఊదా. మేజోళ్ళు ఆకుపచ్చ. జేబులో ఎర్ర రుమాలు. సెవెరిన్ రంగులు లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాడు.

చిలకలన్నీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఒక్కటీ పలకలేదు.

నెస్తోర్ మాత్రం కాలుమీద కాలు తీసి నిటారుగా కూర్చున్నాడు.

"పలకరించు," అని ఫిలొమెన్ మొగుడి నడుం గిల్లింది. మొహం చూస్తే ఆవిడకీ తెలిసిపోయినట్టే ఉంది.

"రండి బావగారూ," అన్నాడు సెవెరిన్. "కూర్చోండి. కాస్త... నలక్కుండా కూర్చోండి."

తర్వాత మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి నడిచాడు. ఆర్లెత్ పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"నువ్వా?"

"నేనే నాన్నా. మెల్లగా. మామయ్య వింటాడు."

"ఎందుకు?"

"వాళ్ళ నాన్నకి ఉన్నది ఒక్క సూటు. అది చెదలు తినేసింది. బకోంగో సెవెరిన్ ముందు ఉత్త చొక్కాతో ఏ మొహం పెట్టుకుని కూర్చోను, నేను రాను పొమ్మన్నాడట. ఆయన రాకపోతే మామయ్య కూజా మూత కూడా తియ్యనివ్వడు. నువ్వెలాగూ చిలకలు వేసుకుంటానన్నావు. ఒక్క పూటే కదా అనుకున్నా."

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేవాడివా?"

సెవెరిన్ అబద్ధం చెబుదామనుకున్నాడు. రాలేదు. "ఆయనకి తెలుసా, అది నాదని?"

"తెలీదు. నిజం చెప్తే తొడుక్కోడు. మొదటి జీతంతో కొన్నానని చెప్పాడు బ్రిస్."

"అంటే అబద్ధం."

"అంటే మోటారుసైకిలు," అంది ఆర్లెత్. "ఈసారీ కల్లు నేలపాలైతే మళ్ళీ ఎవరూ రారు నాన్నా. వచ్చినా నాకొద్దు. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఆ సూటు వంక చూడకుండా కూర్చో, చాలు."

ఒక సాపర్‌ని ఆమె కోరగూడని కోరికే కోరింది. ఆయన తల ఊపాడు.

పెరట్లో గాస్తోన్ మాట్లాడుతున్నాడు. కింకాలా వైపు పొలాలు చేసుకునే మనిషి. ఎవరి నోట ఏ మాట తేడాగా వచ్చినా ఇట్టే పట్టేస్తాడు. బట్టల్లో మాత్రం ఆయనకి తెలిసినవి రెండే రకాలు, తడివి, ఆరినవి.

"రెండు ఇళ్ళ మధ్య దారి పడాలంటే ముందు రాళ్ళు ఏరాలి," అన్నాడు. "అడగవలసినవి ఇప్పుడే అడుగుదాం. కల్లు పోశాక అడగడానికేం ఉండదు."

"నాదో ప్రశ్న," అన్నాడు నెస్తోర్.

సెవెరిన్ అతనివైపు తిరిగాడు. పొద్దున నోరు పారేసుకున్నందుకు మొదటిసారి పశ్చాత్తాపపడ్డాడు.

"మగపెళ్ళివారి సూటు దివ్యంగా ఉంది. ఎక్కడిదో?"

అన్సెల్మ్ మొహం వెలిగిపోయింది. "మా అబ్బాయి కొనిపెట్టాడండీ. మొదటి జీతం. నాకు చెప్పనైనా లేదు, తెచ్చి మంచం మీద పెట్టాడు. ముప్పై ఏళ్ళు కంపెనీవాళ్ళిచ్చిన ఖాకీయే తొడిగాను." కళ్ళు తుడుచుకోవడానికి జేబులోంచి ఎర్ర రుమాలు తీసి, మళ్ళీ తలకిందులుగా దోపాడు.

బ్రిస్ కూజా వంక చూస్తున్నాడు.

"తండ్రికి సూటు కొన్న కొడుకు," అన్నాడు గాస్తోన్. "పోయినేడొచ్చినవాడు ఒకడు. ఇతనొకడు."

"అలాంటి సూటు నేనెక్కడో చూశాను," అన్నాడు నెస్తోర్.

"పావురాలన్నీ ఒకలాగే ఉంటాయి," అన్నాడు సెవెరిన్.

"ఒకలాగే ఎగరవన్నా."

పళ్ళేలు వచ్చాయి. పల్లీలు, పామాయిలు ఓడుతున్న అరటికాయ వేపుడు. అన్సెల్మ్ వేపుడు ముక్క తీసుకున్నాడు. ఎర్రటి నూనె బొట్టు ముక్క చివర వేలాడింది. సరిగ్గా చేతి మడత మీద.

సూటు వంక చూడకూడదని సెవెరిన్ టార్పాలిన్ వంక చూశాడు. కోడిపెట్ట వంక చూశాడు. తర్వాత కుర్చీలోంచి ఎగిరి తన పళ్ళెం తీసుకెళ్ళి వియ్యంకుడి మోచేతి కింద పట్టాడు. బొట్టు పళ్ళెంలో పడింది.

"అయ్యో, మీరెందుకు బావగారూ?"

"తినండి. ముందుకి వంగి తినండి. ఇంకాస్త."

అన్సెల్మ్ నమలడం ఆపాడు. ఇందాకట్నుంచీ వియ్యంకుడి చూపు తన మొహం మీద ఒక్కసారి కూడా నిలవలేదు. మెడపట్టీ, గుండీలు, చేతి మడత, మళ్ళీ గుండీలు. పాపం మనిషి, పేదరికం తెలిసిన మనిషి అన్సెల్మ్. ఆ చూపు ఆయనకి తెలుసు. దుకాణం అద్దం బయట నిలబడి ఆయనా ఒకప్పుడు అలాగే చూశాడు. ఇప్పుడు వియ్యంకుడి చొక్కా చూశాడు. ఒంటికన్ను చిలక చూశాడు. ఆయన మనసు కరిగిపోయింది.

లేచి నిలబడ్డాడు.

"గాస్తోన్ బావగారూ, ఒక్క మాట. పెళ్ళిలో పిల్ల తండ్రికి మేము సూటు పెట్టాలి. అది మీ రివాజు, మా రివాజు. అప్పటిదాకా ఎందుకు? మా వియ్యంకుడికి ఈ సూటు మీద మనసైంది. నేను చూశాను. దాచుకోకండి బావగారూ, అందులో సిగ్గేం లేదు." కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. "ఇది మీదే."



"నాన్నా," అన్నాడు బ్రిస్.

"నువ్వు ఊరుకో. నాకిచ్చావు, నాది. నాది గనక నేనిస్తున్నా." అన్సెల్మ్ కోటు తీసి రెండు చేతులా చాచాడు. "కింది ముక్క రేపు పంపిస్తా. ఇప్పుడు విప్పితే మా చెల్లెలు ఊరుకోదు."

అందరూ నవ్వారు. సెవెరిన్ తప్ప, ఆర్లెత్ తప్ప, బ్రిస్ తప్ప.

"గొప్ప మనసు," అన్నాడు గాస్తోన్. "తీసుకో బావా. తీసుకుని ఇక్కడే తొడుక్కో. పెట్టిన బట్ట పదిమందిలో తొడగందే పెట్టినట్టు కాదు."

"అవును, తొడగాలి," అన్నాడు నెస్తోర్. ఎందుకో ఆ గొంతులో పొద్దుటి పొగరు లేదు.

సెవెరిన్ కోటు అందుకున్నాడు. బరువు తెలిసిన బరువే. ఒంటికి తగిలితే చాలు, అది తనంతట తనే సర్దుకుంటుంది. ఆ దర్జీ ఈ ఒంటిని కొలిచి కుట్టాడు. అది ఎలా కూర్చుంటుందో చూశాక బట్టలు తెలియని గాస్తోన్‌కి కూడా తెలిసిపోతుంది, ఎవరిదో.

గుమ్మంలో ఆర్లెత్ నిలబడి ఉంది. ఆయన అటు చూడలేదు.

కోటు తొడిగాడు. తొడుగుతూనే భుజాలు లోపలికి ముడిచాడు. మెడ కిందికి దించాడు. చేతులు లోపలికి లాక్కున్నాడు, వేళ్ళ కొసలు మాత్రం కనిపించేలా. ఎర్రచిలకల చొక్కా కాలరు మెడపట్టీ మీదికి లాగాడు. తర్వాత, బకోంగో పేటలో ఏ మనిషీ ఏనాడూ చూడనిది చేశాడు.

ముందుగా కింది గుండీ పెట్టాడు.

నెస్తోర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. చావు చూసినవాడిలా తిప్పుకున్నాడు.

"లూజనుకుంటా," అన్నాడు సెవెరిన్.

గాస్తోన్ కళ్ళు చికిలించాడు. "లూజంటావా? భుజాలు అలా ముడుచుకోకుండా నిలబడు, చూద్దాం."

"నా భుజాలే అంత."

"నీ భుజాలు నాకు తెలీవా బావా? మా పొలంలో బస్తాలు మోశావు." గాస్తోన్ చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "నిటారుగా నిలబడు."

అప్పుడు నెస్తోర్ లేచాడు. కోటు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక ఆగాడు. సెవెరిన్ కళ్ళు మూసుకున్నాడు.

"లూజే," అన్నాడు నెస్తోర్. "సోకుల సంగతి నన్నడగండి. వీపంతా సంచిలా వేలాడుతోంది. భుజాల దగ్గర నాలుగు వేళ్ళు ఎక్కువుంది. ఇది ఈ మనిషికి కుట్టింది కానే కాదు."

సెవెరిన్ కళ్ళు తెరిచాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు అలా చూసుకోలేదు.

గాస్తోన్ మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. "నువ్వు చెప్తే సరే. నెస్తోర్‌కి తెలియని బట్ట ఉండదట." కూజా మూత తీశాడు. కల్లు నురగ గ్లాసు అంచుదాకా వచ్చింది. "అమ్మాయీ, ఇలా రా."

ఆర్లెత్ వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళూ నవ్వూ ఒకేసారి ఉన్నాయి.

"ఆగండాగండి," అన్నాడు అన్సెల్మ్. నొచ్చుకున్నాడు. "పెట్టేది సంచిలాంటి సూటా? మా ఇంటి పరువేం కావాలి? ఉర్సుల్, చెల్లీ, నువ్వున్నది ఎందుకు? మా చెల్లెలు మార్కెట్లో కుట్టుపనే చేస్తుందండీ. కత్తెర లేందే చర్చికి కూడా వెళ్ళదు."

ఉర్సుల్ అప్పటికే సెవెరిన్ వీపు వెనక ఉంది. ఆయనకి వీపు మీద సుద్దముక్క జారుతున్న చప్పుడు వినిపించింది. ఒక గీత. దాని పక్కన ఇంకో గీత.

"నాలుగు వేళ్ళన్నారుగా," అంది ఆవిడ పెదాల మధ్య గుండుసూదులతో. "కదలకండి అన్నయ్యగారూ. ఇక్కడే తీసేస్తా. కుట్టు విప్పక్కర్లేదు, బట్టే కోసేస్తా."

నెస్తోర్ మొహం పాలిపోయింది.

"తల్లీ," అన్నాడు గాస్తోన్, గ్లాసు ఎత్తి పట్టుకుని. "ఈ కల్లు తాగమంటావా?" పిల్ల తాగమంటే సంబంధం కుదిరినట్టే.

ఆర్లెత్ మామయ్య వంక చూడలేదు. తండ్రి వీపు వెనక నోరు తెరిచిన కత్తెర వంక చూస్తోంది. సెవెరిన్ ఆమె వంక చూసి తల ఊపాడు. చెప్పు, అన్నట్టు.

ఆమె నోరు తెరిచింది.

"అత్తా, ఆపు," అన్నాడు బ్రిస్.

కుర్చీ వెనక్కి పడింది. అతను నిలబడి ఉన్నాడు.

గాస్తోన్ మెల్లగా అతని వైపు తిరిగాడు. చేతిలో గ్లాసు కాస్త వంగింది. ఒక్క చుక్క అంచు దాటి వేలి మీదుగా జారింది.

"ఎందుకాపాలి, అబ్బాయ్?"